మోసిన చేతుల పేర్లు

లండన్ నగరంలో వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే పాత చర్చి ఉంది. ఇంగ్లండు రాజులకు పట్టాభిషేకం జరిగేది అక్కడే. ఆ చర్చి నేలలో డేవిడ్ లివింగ్‌స్టన్ సమాధి ఉంది. నమ్మకమైన చేతులు ఈయన్ను నేల మీదా నీటి మీదా మోసుకొచ్చాయని ఆ సమాధి రాతి మీద చెక్కారు. చేతులు మోశాయని చెక్కారు గాని, అవి ఎవరి చేతులో చెక్కలేదు.

మేము ఈ వ్యాసం రాస్తున్నది ఆ చేతుల గురించి. అవి తూర్పు ఆఫ్రికా మనుషుల చేతులు. వాళ్ళలో కొందరు చిన్నతనంలో బానిసల వ్యాపారులకు చిక్కి బయటపడినవాళ్ళు. మనకూ వాళ్ళకూ మధ్య పెద్ద సముద్రం ఉంది. భాష వేరు, తిండి వేరు. అయినా మోయడం అంటే ఏమిటో మన కొండల్లో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. రోడ్డు లేని గూడెం నుంచి నిండు చూలాలిని, జ్వరం పడ్డ ముసలివాళ్ళను డోలీలో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ, వాగులు దాటి ఆసుపత్రికి చేర్చడం మన ఏజెన్సీ ఊళ్ళలో ఇవాళ్టికీ జరుగుతూనే ఉంది. అందుకే ఈ కథ మన యువత చదవాలని, మన బడుల్లో ఉపాధ్యాయులు చెప్పాలని కోరుకుంటున్నాం.

ఎవరీ లివింగ్‌స్టన్

లివింగ్‌స్టన్ 1813 మార్చి 19న స్కాట్లండులోని బ్లాంటైర్ అనే ఊళ్ళో పుట్టాడు. పేద కుటుంబం. పదేళ్ళకే నూలు మిల్లులో పనికి కుదిరాడు. పగలంతా పని, రాత్రి చదువు. అలా చదివి వైద్యుడయ్యాడు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1841లో దక్షిణ ఆఫ్రికాలో దిగాడు. 1857లో ఆ సొసైటీ నుంచి తప్పుకున్నా, చివరిదాకా లోకం ఆయన్ను మిషనరీగానే చూసింది.

ఆయన్ను గురించి చదివితే ఒంటరిగా ఆఫ్రికాను చుట్టి వచ్చిన వీరుడని అనిపిస్తుంది. కాని ఆయన ఒంటరిగా నడిచింది చాలా తక్కువ. 1853లో పడమటి తీరానికి బయలుదేరినప్పుడు మకొలోలో రాజు సెకెలెటు 27 మందిని తోడిచ్చాడు. ఆ తర్వాత తూర్పు తీరానికి వెళ్ళేటప్పుడు వందమందికి పైగా మనుషులను, దారి ఖర్చుకు ఏనుగు దంతాలను ఇచ్చాడు. 1855లో ఆయన చూసి విక్టోరియా అని పేరు పెట్టిన జలపాతానికి అక్కడివాళ్ళు ఎప్పుడో పేరు పెట్టుకున్నారు. మోసి ఓవా తున్యా, అంటే ఉరిమే పొగ.

1844లో మబోట్సా అనే చోట ఒక సింహం లివింగ్‌స్టన్ మీద పడి ఎడమ చేతి పై ఎముకను నమిలేసింది. అప్పుడు మెబల్వె అనే అక్కడి ఉపాధ్యాయుడు తుపాకీ ఎత్తి దాన్ని తన వైపు తిప్పుకున్నాడు. సింహం లివింగ్‌స్టన్‌ను వదిలి మెబల్వెను కరిచింది. ఇద్దరూ బతికారు. ఆ విరిగిన ఎముక ఈ కథలో చివర మళ్ళీ వస్తుంది. అందాకా మెబల్వె పేరు గుర్తుంచుకోండి.

1866లో ఆయన ఆఖరి ప్రయాణం మొదలైంది. నైలు నది ఎక్కడ పుట్టిందో కనిపెట్టాలన్నది ఒక పని. లోపలి ప్రాంతాల్లో బానిసల వ్యాపారం ఎంత ఘోరంగా ఉందో లోకానికి రాయాలన్నది ఇంకో పని. నైలు సంగతిలో ఆయన పొరబడ్డాడు. ఆయన నమ్ముకున్న లువలబా నది చివరికి కాంగోలో కలిసేదని తర్వాత తేలింది. బానిసల వ్యాపారం గురించి రాసినది మాత్రం వృథా పోలేదు.

గోదావరి పుట్టిన వైపు చదివిన కుర్రాడు

ఆ ప్రయాణంలో ఉన్న ముగ్గురి సంగతి ముందు చెప్పుకోవాలి.

చుమా యావో తెగవాడు. 1861లో బానిసల గుంపును తోలుకుపోతుంటే లివింగ్‌స్టన్ బృందం అడ్డుకుని విడిపించిన పిల్లల్లో ఇతనొకడు. సూసీ జాంబెజీ నది ఒడ్డున ఉన్న షుపంగా ప్రాంతంవాడు. పడవ పనికి కుదిరి లివింగ్‌స్టన్ దగ్గర చేరాడు. 1864లో లివింగ్‌స్టన్ తన చిన్న ఓడను అమ్ముకోవడానికి సముద్రం దాటి బొంబాయి వచ్చినప్పుడు వీళ్ళిద్దరూ ఆ ఓడలోనే వచ్చారు. చుమాను బొంబాయిలో మిషన్ బడిలో చేర్చారు. సూసీ, అతని తోటివాడు అమోడా రేవులో కూలికి కుదిరారు.

మూడోవాడు జేకబ్ వైన్‌రైట్. ఇతనూ యావో తెగవాడే. బానిసలను తీసుకుపోతున్న ఓడను ఆంగ్లేయుల నౌకాదళం పట్టుకున్నప్పుడు విడుదలయ్యాడు. అలా విడిపించిన పిల్లల కోసం నాసిక్ దగ్గర శరణ్‌పూర్‌లో చర్చి మిషనరీ సొసైటీ ఒక ఆశ్రమం నడిపేది. అక్కడ చదువు, చేతిపనులు నేర్పేవారు. జేకబ్ ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్చుకున్నది అక్కడే.

ఈ నాసిక్ మనకు కొత్త ఊరు కాదు. త్ర్యంబకం కొండల్లో పుట్టిన గోదావరి నాసిక్ మీదుగానే దిగువకు వస్తుంది. భద్రాచలం దాటి పాపికొండల మధ్య కోయల, కొండరెడ్ల గూడేలను ఒరుసుకుంటూ పోయేది ఆ నీళ్ళే. ఆ నది పైభాగాన చదువుకున్న ఒక ఆఫ్రికా కుర్రాడు తర్వాత లివింగ్‌స్టన్ శవం పక్కన నిలబడి ప్రార్థన చదివాడు. చెట్టు మీద ఆయన పేరు చెక్కాడు. జరిగిన సంగతులు తన దినచర్యలో రాసిపెట్టాడు. బడి చదువు మనిషిని ఎక్కడెక్కడికి తీసుకుపోతుందో ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

జబ్బు మనిషితో ప్రయాణం

1867 నాటికే లివింగ్‌స్టన్ మందుల పెట్టె పోయింది. కూలికి వచ్చినవాళ్ళు దాన్ని తీసుకుని అడవిలో మాయమయ్యారు. అప్పటినుంచి జ్వరాలకు, రక్త విరేచనాలకు సరైన మందు లేకుండా ఏళ్ళు గడిపాడు. 1869 మొదట్లో ఊపిరితిత్తుల జబ్బుతో నడవలేక పడిపోయాడు. అప్పుడు ఆయన్ను మంచం మీద మోయించి, తిండి పెట్టించి, టాంగన్యికా సరస్సు దాకా చేర్చినవాడు మొహమ్మద్ బొఘరీబ్ అనే అరబ్బు వ్యాపారి. ఏనుగు దంతాలతో పాటు బానిసలను కూడా కొని అమ్మే మనిషి ఇతను. బానిసల వ్యాపారాన్ని అంతం చేయాలని తిరుగుతున్నవాడి ప్రాణాన్ని బానిసల వ్యాపారే కాపాడాడు. చరిత్ర చదివేటప్పుడు ఇలాంటి సంగతులను దాటేయకూడదు. ఒక మనిషి దారిలో పడిపోయినవాడికి దయ చూపించవచ్చు, అదే రోజు ఇంకొకరి మెడకు సంకెల వేయించవచ్చు. చేసిన మేలును మరచిపోనక్కర్లేదు. ఆ మేలును చూపి చేసిన దుర్మార్గాన్ని కొట్టివేయనూ కూడదు.

1871లో విలేఖరి స్టాన్లీ వెతుక్కుంటూ వచ్చి ఉజీజీలో లివింగ్‌స్టన్‌ను కలిశాడు. తనతో వచ్చేయమని అడిగితే ఆయన రానన్నాడు. స్టాన్లీ తిరిగి వెళ్ళి జాంజిబార్ నుంచి మనుషులను పంపాడు. జేకబ్ అలా వచ్చినవాడే. 1872 ఆగస్టు చివర సుమారు 60 మందితో ఉన్యన్యెంబె నుంచి ఆఖరి నడక మొదలైంది. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. వంట చేసే హలీమా అమోడా భార్య. న్టావోయెకా చుమా భార్య.

1873 మొదటి నెలల్లో వాళ్ళు బాంగ్వేలు సరస్సు చుట్టూ ఉన్న బురద నేలల్లో చిక్కుకున్నారు. ఎడతెగని వానలు. మొలలోతు నీళ్ళు, రెల్లు దుబ్బులు. లివింగ్‌స్టన్‌కు రక్తం పోతూనే ఉంది. ఏప్రిల్ 21న గాడిద ఎక్కబోయి పడిపోయాడు. చుమా ఆయన్ను భుజాన వేసుకుని గుడిసెకు తెచ్చాడు.

మర్నాడు మనుషులు ఒక కిటాండా తయారుచేశారు. స్వాహిలీ భాషలో కిటాండా అంటే మంచం. ఏడడుగుల కర్రలు రెండు తీసుకుని, వాటి మధ్య మూడడుగుల అడ్డకర్రలు దగ్గర దగ్గరగా కట్టారు. పైన గడ్డి పరిచి దుప్పటి వేశారు. దాన్ని ఒక దూలానికి వేలాడదీసి ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకున్నారు. ఎండ తగలకుండా దూలం మీద ఇంకో దుప్పటి కప్పారు. అంటే మన డోలీ లాంటిదే. చూడని దేశంలో మనలాంటి మనుషులే అవసరం పడి అడవిలో దొరికిన కర్రలతోనే దాన్ని కట్టుకున్నారు.

ఉన్నంతలో పెట్టినవాళ్ళు

దారిలో కలుంగన్‌జోవు అనే నాయకుడి ఊరు తగిలింది. పాలిచ్చే మేకలు దొరికితే కొనమని లివింగ్‌స్టన్ మనుషులను పంపాడు. మేకలు దొరకలేదు. మజీటూ దండు వచ్చి ఆ ప్రాంతమంతా దోచుకుపోయింది. ఆ ఊళ్ళో వాళ్ళకే గతిలేదు. అయినా కలుంగన్‌జోవు ఒక మేకపిల్లను, వేరుశనగ కాయల బుట్టలను పంపించాడు. జబ్బుమనిషిని చూడడానికి తానే వచ్చాడు. నది దాటే రేవు దాకా వెంట నడిచి, పడవలు సరిగా దొరికేలా చూస్తానని మాటిచ్చి, అలాగే వచ్చాడు.

దోపిడీ జరిగి ఎక్కువ రోజులు కాని ఊరు అది. వచ్చినవాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. వాళ్ళ యజమాని తెల్లవాడు, చావుకు దగ్గరపడ్డవాడు. తలుపు వేసుకుని కూర్చున్నా ఆ నాయకుణ్ణి ఎవరూ తప్పుపట్టలేరు. మన గూడేల్లో కూడా గంజి తక్కువైన నెలల్లో వచ్చినవాడికి ముందు అంబలి పోసిన పెద్దలున్నారు. మిగులు ఉన్నవాడు పెట్టడానికీ, లేనివాడు పెట్టడానికీ ఉన్న తేడా మనకు తెలుసు.

ఏప్రిల్ 29 పొద్దున్న లివింగ్‌స్టన్ గుడిసె వాకిలి దాకా కూడా నడవలేకపోయాడు. కిటాండా వాకిట్లో పట్టదు. దాంతో గుడిసె గోడను పగలగొట్టి, కిటాండాను ఆయన పక్కకే తీసుకుపోయారు. రేవు దగ్గర ఇంకో కష్టం వచ్చింది. కిటాండా పట్టేంత వెడల్పు పడవ లేదు. నడుము దగ్గర ఎవరు చెయ్యి వేసినా ఆయన నొప్పి ఓర్చుకోలేకపోతున్నాడు. పక్కబట్టను పడవ అడుగున పరిచి, చుమా వంగి, ఆయన చేతులను తన మెడ చుట్టూ వేయించుకుని, తల వెనక చెయ్యి ఆనించి మెల్లగా దించారు. రోగిని మోసినవాళ్ళకు తెలుసు, బరువు ఎత్తడం కంటే నొప్పి తగలకుండా దించడమే కష్టం.

చితాంబో ఊరు

ఆ సాయంత్రానికి ఇలాలా ప్రాంతంలో చితాంబో అనే నాయకుడి ఊరు చేరారు. అది నేటి జాంబియా దేశంలో ఉంది. పంట కాపలా రోజులు కావడంతో ఊరివాళ్ళు చాలామంది చేలల్లో మంచెల దగ్గరే ఉంటున్నారు. సన్నగా తుంపర పడుతోంది. గుడిసె కట్టేదాకా లివింగ్‌స్టన్‌ను ఒక ఇంటి చూరు కింద పడుకోబెట్టారు. ఊరిజనం వచ్చి, విల్లులు నేలకానించి వాటి మీద వాలి, నోరెత్తకుండా చుట్టూ నిలబడి చూశారు.

మర్నాడు చితాంబో పలకరించడానికి వచ్చాడు. మాట్లాడే ఓపిక లేక, రేపు రమ్మని కబురు చెప్పాడు లివింగ్‌స్టన్. ఆ రాత్రి బయట కేకలు వినబడి, అవి మనవాళ్ళవేనా అని అడిగాడు. జొన్నచేలో పడ్డ అడవిదున్నలను ఊరివాళ్ళు తోలుతున్నారని సూసీ చెప్పాడు. తెల్లవారుజామున, అంటే 1873 మే 1న, కాపలా ఉన్న మజ్వారా అనే కుర్రాడు సూసీని లేపాడు. లోపలికి వెళ్ళి చూస్తే ఆయన మంచం పక్కన మోకరిల్లి ఉన్నాడు. ప్రాణం పోయింది.

ఆ ఉదయం చేసిన ఆలోచన

ఇక్కడినుంచి జరిగినదంతా ఆ 60 మంది సొంత నిర్ణయం. చెప్పడానికి యజమాని లేడు.

వాళ్ళంతా ఒకచోట కూర్చున్నారు. ముందు లివింగ్‌స్టన్ పెట్టెలు తెరిచి, అందులో ఏమేమి ఉన్నాయో జేకబ్ చేత జాబితా రాయించారు. రేపు ఎవరూ దొంగతనం అంటగట్టకూడదన్నది వాళ్ళ జాగ్రత్త. సూసీని, చుమాను పెద్దలుగా ఎన్నుకున్నారు. శవాన్ని తీరానికి మోసుకుపోవాలని తీర్మానించారు. తీరం అక్కడికి సుమారు 1,600 కిలోమీటర్లు.

ఎందుకు మోశారు? యజమాని మీద భక్తి అని చాలా పుస్తకాలు ఒక్క మాటలో తేల్చేశాయి. ప్రేమ ఉంది, కాదనం. కాని దాని వెనక తెలివి కూడా ఉంది. 1866లో కొందరు మనుషులు లివింగ్‌స్టన్‌ను మధ్యలో వదిలి తీరానికి పోయి, ఆయన్ను చంపేశారని అబద్ధం చెప్పారు. దాన్ని తేల్చడానికి ఇంగ్లండు నుంచి వెతికేవాళ్ళు రావలసి వచ్చింది. ఇప్పుడు నిజంగానే ఆయన చనిపోయాడు. వీళ్ళు ఒట్టి చేతులతో వెళ్ళి చెబితే ఎవరు నమ్ముతారు? పేదవాడి మాటకు సాక్ష్యం కావాలి. గొప్పవాడి మాట సాక్ష్యం లేకపోయినా చెల్లుతుంది. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. శవాన్ని, కాగితాలను, పనిముట్లను అన్నిటినీ భద్రంగా చేర్చాలనుకోవడంలో ప్రేమతో పాటు వాళ్ళ పరువు కూడా ఉంది.

చితాంబో ఏమంటాడో అని వాళ్ళు భయపడ్డారు. పరాయివాడు తమ ఊళ్ళో చస్తే తప్పు కట్టమని అడిగే ఆచారం ఆ దారిలో ఉంది. అందుకని చావు సంగతి దాచి, ఊరి బయట గుడిసెలు కట్టుకుంటామని మాత్రం అడిగారు. కాని చితాంబోకు తెలిసిపోయింది. ఆయన కోపగించుకోలేదు. నిజం నాకెందుకు చెప్పలేదని అడిగాడు. మీరిక భయపడనక్కర్లేదన్నాడు. తానూ పూర్వం తీరం దాకా తిరిగినవాణ్ణేనని, ప్రయాణంలో చావు ఎవరికైనా వస్తుందని చెప్పాడు. దారి దూరం, ప్రమాదం, ఇక్కడే పాతిపెట్టమని సలహా ఇచ్చాడు. వాళ్ళు ఒప్పుకోకపోతే బలవంతపెట్టలేదు.

పైగా తన జనమంతటితో వచ్చి సంతాపం జరిపించాడు. భుజాల మీదుగా ఎర్రని బట్ట కప్పుకుని వచ్చాడు. మగవాళ్ళు విల్లంబులతో వచ్చారు. డప్పులు మోగాయి, ఏడ్పులు లేచాయి. లివింగ్‌స్టన్ మనుషులు తుపాకులు పేల్చారు. కాళ్ళకు గింజల గజ్జెలు కట్టుకున్న ఒకతను చావుపాట పాడుతూ ఆడాడు. రెండు రోజుల పరిచయం కూడా లేని మనిషికి, ఒక్క మాటైనా మాట్లాడని మనిషికి, ఆ ఊరు తన సొంతవాడికి చేసినట్టు చేసింది.

మా అభిప్రాయంలో చితాంబోది ఒక్కడి మంచితనమే కాదు. అది ఆ ఊరి కట్టు. చనిపోయినవాడు ఎవడైనా డప్పు లేకుండా పోకూడదన్న నియమం మన తెగల్లోనూ ఉంది. చావు కబురు వింటే పాత పగలు పక్కనపెట్టి వచ్చే ఊళ్ళు మనవి. అలాంటి కట్టు ఉన్నచోట దిక్కులేని చావు అన్న మాటే ఉండదు.

తొమ్మిది నెలల నడక

శవాన్ని సిద్ధం చేయడానికి అడవి మృగాలు రాకుండా గట్టి గుంజలతో పైకప్పు లేని ఒక గుడిసె కట్టారు. జాంజిబార్‌లో ఒక వైద్యుడి దగ్గర పనిచేసిన ఫరిజాలా అనేవాడు శవాన్ని కోసి గుండెను, లోపలి భాగాలను తీశాడు. వాటిని ఒక రేకు పెట్టెలో పెట్టి పాతిపెట్టారు. జేకబ్ ప్రార్థన చదివాడు. లోపల ఉప్పు నింపి, శవాన్ని 14 రోజులు ఎండబెట్టారు. రాత్రీ పగలూ కాపలా కాశారు. తర్వాత నూలుగుడ్డ చుట్టి, చెట్టు పట్టలో ఇమిడ్చి, తెరచాప గుడ్డలో కుట్టి, ఒక దూలానికి కట్టారు.

గుండె పాతిన చోట ఉన్న పెద్ద చెట్టు మీద జేకబ్ లివింగ్‌స్టన్ పేరు చెక్కాడు. రెండు గుంజలు పాతి పైన అడ్డదూలం పెట్టి తారు పూశారు. చెట్టు చుట్టూ గడ్డి పెరగనివ్వవద్దని, కార్చిచ్చు వస్తే కాలిపోతుందని చితాంబోను కోరారు. ఆయన సరేనన్నాడు. 1899లో ఆ చెట్టును కొట్టేనాటికీ చెక్కిన అక్షరాలు దాని మీద ఉన్నాయి. ఆ ముక్క లండన్ చేరింది. అక్కడ 1902లో రాతి స్తంభం కట్టారు.

దారి తేలిగ్గా సాగలేదు. బయలుదేరిన మూడు రోజుల్లోనే సగం మంది జబ్బుపడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళు చనిపోయారు. సూసీ కూడా లేవలేకపోయాడు. నెలరోజులు ఆగిపోయారు. చవెండె అనే ఊరి దగ్గర గొడవ ముదిరి రక్తం చిందింది. వీళ్ళ దగ్గర తుపాకులున్నాయి. ఊరివాళ్ళను వెళ్ళగొట్టి ఊరును పట్టుకున్నారు. ఆ ఊరివాళ్ళకు ఈ ప్రయాణం దయగల కథలా గుర్తుండదు. దాన్ని దాచి ఈ కథ చెబితే మేము న్యాయం చేసినట్టు కాదు.

1873 అక్టోబరులో ఉన్యన్యెంబె చేరారు. లివింగ్‌స్టన్‌ను వెతకడానికి వస్తున్న కామెరాన్ అనే ఆంగ్లేయ అధికారి అక్కడ ఎదురయ్యాడు. ఇక్కడే పాతిపెట్టండి, ముందు దారి మంచిది కాదు అన్నాడు. ఆయన దొర, వీళ్ళు మోతగాళ్ళు. అయినా వీళ్ళు కుదరదన్నారు. తీరానికి చేర్చాల్సిందేనని పట్టుబట్టి ముందుకు కదిలారు.

కసెకెరా దగ్గర శవం తమ నేల మీదుగా పోవడానికి వీల్లేదని జనం అడ్డుకున్నారు. ఈసారి పోట్లాడలేదు. జొన్న కంకి దంట్లను శవంలా చుట్టి, ఉన్యన్యెంబెకు తిరిగి తీసుకుపోయి పాతిపెడతామని అందరి ముందూ కొందరిని వెనక్కు పంపారు. వాళ్ళు రాత్రి ఆ దంట్లను పొదల్లో విసిరేసి వచ్చారు. అసలు శవాన్ని మామూలు గుడ్డల మూటలా చుట్టి మిగతా మూటలతో కలిపేశారు. ఎవరికీ దెబ్బ తగలకుండా దారి దొరికింది.

1874 ఫిబ్రవరిలో బగమోయో రేవు చేరారు. 24న శవాన్ని అక్కడి క్యాథలిక్ మిషన్ చర్చిలో ఉంచారు. తర్వాత ఆంగ్లేయుల ఓడ వచ్చి తీసుకుపోయింది.

జీతమిచ్చి పంపేశారు

తొమ్మిది నెలలు మోసినవాళ్ళకు జీతం లెక్కకట్టి ఇచ్చి పంపేశారు. శవం వెంట ఇంగ్లండు వెళ్ళింది జేకబ్ ఒక్కడే. అతని ఖర్చు చర్చి మిషనరీ సొసైటీ పెట్టుకుంది. సౌతాంప్టన్ రేవులో ఏప్రిల్ 15న దిగారు. ఇది నిజంగా లివింగ్‌స్టన్ శవమేనా అన్న అనుమానం వచ్చింది. విలియం ఫెర్గుసన్ అనే వైద్యుడు ఎడమ చేతి ఎముక చూశాడు. మబోట్సాలో సింహం విరిచిన చోటు అతికి, గుర్తు అలాగే ఉంది. మెబల్వె ఆనాడు సింహానికి ఎదురు నిలవకపోతే ఆ ఎముక అతికేదాకా మనిషి బతికేవాడు కాదు.

1874 ఏప్రిల్ 18న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో అంత్యక్రియలు జరిగాయి. పెట్టె పక్కన నడిచినవాళ్ళలో జేకబ్ కూడా ఉన్నాడు. సూసీ, చుమా లేరు. లివింగ్‌స్టన్ పాత స్నేహితుడు జేమ్స్ యంగ్ తన డబ్బుతో వాళ్ళను పిలిపించేసరికి అంతా అయిపోయింది. అయినా వాళ్ళ రాక వృథా కాలేదు. లివింగ్‌స్టన్ ఆఖరి దినచర్యను అచ్చువేసే పనిలో ఉన్న హొరేస్ వాలర్‌కు వాళ్ళు ఊళ్ళ పేర్లు, దారులు, చివరి రోజుల సంగతులు చెప్పారు. కలుంగన్‌జోవు మేకపిల్ల గురించి, చూరు కింద విల్లుల మీద వాలి నిలబడ్డ మనుషుల గురించి మనకు తెలిసింది ఆ ఇద్దరి నోటి మాట వల్లనే. అంటే వాళ్ళు శవాన్నే కాదు, చరిత్రను కూడా మోసుకొచ్చారు. రాసినవాడి పేరు పుస్తకం మీద ఉంది. చెప్పినవాళ్ళ పేర్లు లోపలి పేజీల్లో ఉన్నాయి.

రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ 60 మంది కోసం పతకాలు చేయించింది. పతకాలు జాంజిబార్ చేరేసరికి చాలామంది పొట్టచేతపట్టుకుని చెదిరిపోయారు. వాళ్ళ పతకాలు వాళ్ళకు అందలేదు. చుమా 1882లో, సూసీ 1891లో జాంజిబార్‌లో చనిపోయారు. జేకబ్ 1892లో చనిపోయాడు.

ఇంకో రెండు సంగతులు కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. లివింగ్‌స్టన్ చనిపోయిన నెలకు, 1873 జూన్ 5న, జాంజిబార్ సుల్తాను బానిసల సంతను మూసేసే ఒప్పందం మీద సంతకం చేశాడు. లివింగ్‌స్టన్ రాసిన రాతలు ఇంగ్లండులో కదిలించిన కోపం దానికి తోడ్పడింది. అది మేలు. కాని ఆయన వేసిన పటాలు పట్టుకుని తర్వాత కంపెనీలు, సైన్యాలు కూడా వచ్చాయి. 1890ల్లో చితాంబో జనం ఉండే నేల బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ చేతికి పోయింది. చచ్చినవాడికి డప్పు కొట్టి పంపిన ఊరికి దొరికిన ప్రతిఫలం అది. అతిథికి అన్నం పెట్టడం మన ధర్మం. అతిథి వెనక ఎవరు వస్తున్నారో కనిపెట్టుకుని ఉండడం కూడా మన ధర్మమే.

మనం చేయవలసింది

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ల సమాధులు ఉన్నాయి. ఏటా గోండు సోదరులు అక్కడ చేరి వాళ్ళను తలుచుకుంటారు. మంచి పని. వాళ్ళకు గుడిసె కట్టిచ్చినవాళ్ళు, భాష నేర్పినవాళ్ళు, కొండదారి చూపినవాళ్ళు కూడా ఆ ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ పేర్లు కూడా అదే రోజున పలికితే ఆ తలపు నిండుగా ఉంటుంది.

మన ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి మోతగాళ్ళున్నారు. సర్వే వాళ్ళకు సామాను మోసినవాళ్ళు, మలేరియా మందు డబ్బాలు కొండెక్కించినవాళ్ళు, మొదటి పంతులుకు తమ పాకలో చోటిచ్చినవాళ్ళు, కాన్పు కష్టమైన ఆడబిడ్డను రాత్రికి రాత్రి డోలీలో దింపినవాళ్ళు. ఆఫీసు కాగితాల్లో వాళ్ళు కూలీలు, గ్రామస్థులు, స్థానికులు. ఆబీలో రాయి మీద చేతులు అన్నట్టే.

కాబట్టి ఉపాధ్యాయులకు మా మనవి ఇది. మీ బడిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. పిల్లలను అవ్వల దగ్గరకు, తాతల దగ్గరకు పంపండి. ఎవరు ఎవరిని మోశారు, ఏ వాగు దగ్గర దాటారు, దారిలో ఏ ఊరివాళ్ళు మంచినీళ్ళిచ్చారు, ఏ ఇంట్లో రాత్రి తలదాచుకున్నారు అని అడిగి రాయించండి. కోయ, గోండు, సవర, కువి, ఏ భాషలో చెబితే ఆ భాష మాటల్లోనే రాయించండి. ఇంటిపేరుతో సహా మనిషి పేరు రాయించండి. యువతీయువకులు ఆ పని బడి పిల్లలకే వదిలేయకుండా, ఫోనులో పెద్దల మాట రికార్డు చేసి దాచండి. సూసీ, చుమా నోరు విప్పి చెప్పారు కాబట్టి, జేకబ్‌కు రాయడం వచ్చు కాబట్టి చితాంబో పేరు 150 ఏళ్ళ తర్వాత మన దాకా వచ్చింది. మన పెద్దల్లో చెప్పగలవాళ్ళు ఇంకా ఉన్నారు. రాయగలవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు.